"రాగి ఇంకా 40 ఏళ్లే" అనే లెక్కని ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పర్యావరణ శాస్త్రం పుస్తకంలో "రాగి నిల్వలు ఇంకో 40 ఏళ్లకు సరిపోతాయి" అని ఉంది. మీ నాన్నగారు చదువుకున్న పాత పుస్తకంలోనూ దాదాపు అదే అంకె ఉంది. ఆ గడువు దాటిపోయినా రాగి అయిపోలేదు. మరి ఇది తప్పుడు లెక్కా, లేక మనల్ని భయపెట్టడానికి చెప్పిన మాటా? దానితోపాటు ఇంకోటి అడిగారు. బొగ్గూ చమురూ మానేసి సోలార్‌కీ గాలిమరలకీ మారిపోతే ఈ తవ్వకాల బాధ తీరుతుందా అని.

నేను ముప్పై ఏళ్లు డ్రిల్లింగ్ కోర్లు, అంటే నేలలోకి రంధ్రం వేసి బయటికి తీసే రాతి కడ్డీలు, పరీక్షిస్తూ, నేల కింద ఎంత లోహం ఉందో లెక్కగట్టే పని చేశాను. అంటే మీరు అడిగే అంకెలు తయారయ్యే చోటే ఉన్నాను. రెండు పుస్తకాలూ రాసింది సరైన అంకెలే. వాటిని చదివే పద్ధతిలోనే పొరపాటుంది.

అమెరికా భూవిజ్ఞాన సర్వే లెక్క ప్రకారం 1970లో ప్రపంచం మొత్తం మీద రాగి నిల్వలు సుమారు 28 కోట్ల టన్నులు. ఆ రోజుల్లో గనుల నుంచి ఏటా వచ్చే రాగి దాదాపు 60 లక్షల టన్నులు. భాగిస్తే 45 ఏళ్ల చిల్లర వస్తుంది. ఇప్పుడు 2011కి రండి. ఈ మధ్యలో దాదాపు 40 కోట్ల టన్నులు తవ్వేశాం, అంటే 1970లో "ఉంది" అన్నదానికంటే ఎక్కువే. ఆ ఏడాది మిగిలిన నిల్వ సున్నా అయి ఉండాలి కదా? 69 కోట్ల టన్నులని నమోదైంది. ఏటా తవ్వేది 1 కోటి 60 లక్షల టన్నులకు పెరిగింది. మళ్లీ భాగించి చూడండి, 43 ఏళ్లు.

ఈ వింత వెనక ఉన్నది "నిల్వ" అనే మాట. మామూలు భాషలో నిల్వ అంటే గాదెలో ఉన్న ధాన్యం. తీసినకొద్దీ తరుగుతుంది. మా వృత్తిలో అర్థం వేరు. డ్రిల్లింగ్ చేసి, ఎక్కడ ఎంత ఉందో తేల్చుకుని, ఇవాళ్టి ధరకి, ఇవాళ్టి యంత్రాలతో, ఇవాళ్టి చట్టాల కింద తీస్తే గిట్టుబాటవుతుందని రుజువైన భాగమే నిల్వ. నేలలో పోగుపడి ఉండి, ఇప్పుడో మున్ముందో తీయగలిగేదంతా వనరు, అందులో ఈ పరీక్షలన్నీ నెగ్గింది నిల్వ. 1970లలో అమెరికా సర్వేకి డైరెక్టరుగా ఉన్న విన్సెంట్ మెకెల్వీ దీన్ని ఒక పెట్టె బొమ్మగా గీశారు. అడ్డంగా వెళ్లేకొద్దీ "ఎంత కచ్చితంగా తెలుసు" అన్నది మారుతుంది, నిలువుగా వెళ్లేకొద్దీ "ఎంత లాభసాటి" అన్నది. రెండింట్లోనూ మంచి మార్కులు వచ్చిన ఒక్క మూల గదే నిల్వ. ఆ గది గోడలు ఏటా జరుగుతూనే ఉంటాయి.

మరి ఎప్పుడు చూసినా నలభై చిల్లరే ఎందుకు? డ్రిల్లింగ్ చాలా ఖరీదైన పని. ఎనభై ఏళ్ల తర్వాత తవ్వబోయే రాతికి ఇవాళ రంధ్రాలు వేయించే కంపెనీ ఉండదు. ముందు వందల మీటర్ల ఎడంలో రంధ్రాలు వేస్తారు. బాగుందనిపిస్తే వాటి మధ్యలో ఇంకొన్ని, గని తెరిచే ముందు మరికొన్ని. బ్యాంకు అప్పు ఇవ్వడానికి సరిపడా కచ్చితత్వం రాగానే ఆపేస్తారు. ఆ నలభై ఏళ్లు మనుషులు ఎంత ముందుచూపుతో డబ్బు పెడతారో చెబుతాయి. భూమిలో ఎంతుందో చెప్పవు.

నేను ఒక గనిలో ఉన్నప్పుడు ఆఫీసు గోడ మీద బ్లాక్ మ్యాప్ ఉండేది. కొండని పెద్ద పెద్ద ఘనాలుగా కోసినట్టు ఊహించుకుని, ఒక్కో ఘనంలో రాగి ఎన్ని పాళ్లో గళ్లలో రాస్తాం. 0.3 శాతం దాటితే ఎర్ర పెన్సిల్, దాని కింద అయితే తెల్లగా వదిలేయడం. ఈ హద్దుని కటాఫ్ గ్రేడ్ అంటారు, గ్రేడ్ అంటే రాతిలో లోహం ఎంత శాతం ఉందన్నది. ఒక ఏడాది రాగి ధర పడిపోయింది. కటాఫ్‌ని 0.4కి పెంచమని పైనుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం కూర్చుని ఎర్రగళ్లు రబ్బరుతో చెరపడం మొదలుపెట్టాను. సాయంత్రానికి మ్యాప్‌లో నాలుగో వంతు తెల్లబడింది. మర్నాడు గనిలో మెట్టులా కోసిన ఆ బెంచి నుంచి బయల్దేరిన డంపర్లు క్రషర్ వైపు కాకుండా వేస్టు గుట్ట వైపు తిరిగాయి. నిన్న ధాతువు, అంటే లోహం తీస్తే గిట్టుబాటయ్యే రాయి, అన్నదే ఇవాళ చెత్త. కొండలో ఒక్క గ్రాము రాగి కూడా తగ్గలేదు, రిపోర్టులో నిల్వ మాత్రం తగ్గింది. కొన్నేళ్లకి ధర పెరిగినప్పుడు ఆ గుట్టలోనుంచే మళ్లీ ఎత్తుకొచ్చాం.

ఇంతకంటే పెద్ద ఎత్తున జరిగింది ఫాస్ఫేట్ విషయంలో. మొరాకో ఫాస్ఫేట్ రాతి నిల్వ 2010 నాటి అమెరికా సర్వే పట్టికలో 570 కోట్ల టన్నులు. మరుసటి ఏడాది పట్టికలో 5,000 కోట్ల టన్నులు. ఏడాదిలో రాయి పుట్టలేదు, పాత సమాచారాన్ని కొత్తగా లెక్కగట్టారంతే. "ఫాస్ఫరస్ ఇన్నేళ్లలో అయిపోతుంది" అని అంతకుముందు వేసిన అంచనాలన్నీ ఒక్క సవరణతో మారిపోయాయి.

ఇక్కడిదాకా చదివి "అయితే ఎప్పటికీ అయిపోదన్నమాట" అనుకునేవాళ్లు ఉంటారు. అది మొదటిదానికంటే ప్రమాదకరమైన తప్పు. దానికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ కథ చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ మీద పడిన నష్టపరిహారం తీర్చడానికి సముద్రపు నీటి నుంచి బంగారం తీయాలని ఆయన 1920లలో ఏళ్ల తరబడి ప్రయత్నించారు. సముద్రంలో బంగారం ఉన్నమాట నిజమే. కానీ కొలవగా కొలవగా, అంతకుముందు అనుకున్నదానిలో దాదాపు వెయ్యో వంతే తేలింది. ఆ బంగారాన్ని తీయడానికయ్యే ఖర్చు బంగారం విలువని ఎన్నో రెట్లు మించిపోతుంది. ఆయన ఆ పని వదిలేశారు. ఒక లోహం భూమ్మీద ఉండటం వేరు, పోగుపడి ఉండటం వేరు. నా దృష్టిలో మీ ప్రశ్నకి అసలు జవాబు మొదలయ్యేది ఇక్కడే.

భూపటలంలో ఎక్కడ ఏ రాయి తీసుకున్నా సగటున రాగి పదిలక్షల పాళ్లలో 60 పాళ్లు ఉంటుంది, అంటే 0.006 శాతం. దాన్ని 0.5 శాతానికి చేర్చాలంటే ఎనభై రెట్లకు పైగా చిక్కబరచాలి. ఆ పని ప్రకృతి చేసి పెట్టింది. సముద్రపు అడుగు ఫలకం ఖండం కిందికి దిగే చోట రాయి కరిగి పైకి వస్తుంది. కొన్ని కిలోమీటర్ల లోతున అది చల్లారేటప్పుడు గంధకం, లోహాలు కలిసిన వేడి ద్రవాలు విడుదలై చుట్టూ ఉన్న రాతిని పగలగొట్టుకుని వెళ్తాయి. ఒత్తిడి, వేడి తగ్గినచోట ఆ పగుళ్లలో రాగి ఖనిజాలు పేరుకుంటాయి. పోర్ఫిరీ నిక్షేపం అంటే ఇదే, ఆండీస్ పర్వతాల పొడుగునా ఉన్నవి ఇవే. లక్షల ఏళ్ల పాటు భూమి తన సొంత వేడితో ఉచితంగా చేసిన శుద్ధి అది. మనం కొనసాగించేది దాని మిగతా భాగమే. భూమి ఎంత తక్కువ చేసి వదిలేస్తే మనకి అంత ఎక్కువ పని మిగులుతుంది.

అమెరికాలోని యూటాలో బింగమ్ కాన్యన్ గని 1906లో ఆవిరి పారలతో మొదలైనప్పుడు అక్కడి ధాతువులో రాగి 2 శాతం. అప్పట్లో దాన్ని చాలా నాసిరకం అనుకున్నారు. ఇవాళ ప్రపంచంలో పెద్ద పెద్ద గనులు చాలావరకు 0.5 శాతం దగ్గర్లో నడుస్తున్నాయి. 0.5 శాతం ధాతువుని కోర్ పెట్టెలోంచి తీసి చేతిలో పెడితే మీరు మామూలు బూడిదరంగు రాయి అనుకుంటారు. తడిపి, పది రెట్ల భూతద్దం కంటికి ఆనించి, వెలుతురులో అటూ ఇటూ తిప్పితే సన్నటి క్వార్ట్జ్ పోగుల వెంట ఇత్తడి రంగు చుక్కలు మెరుస్తాయి. చాల్కోపైరైట్ అనే రాగి ఖనిజం అదే. ఆ చుక్కలు ఆవగింజ కంటే చిన్నవి.

ఇప్పుడు లెక్క వేద్దాం. 2 శాతం ధాతువైతే టన్ను రాగికి 50 టన్నుల రాయి చాలు. 0.5 శాతమైతే 200 టన్నులు. మిల్లులో ఉన్నదంతా దొరకదు, పదో వంతో అంతకంటే కాస్త ఎక్కువో జారిపోతుంది కాబట్టి 225 దాకా అనుకోండి. ఆ ధాతువుని చేరుకోవడానికి పైనున్న, పక్కనున్న వేస్టు రాయి టన్నుకి రెండు టన్నులు తొలగించాల్సి వస్తే, అది ఇంకో 450. ఒక్క టన్ను రాగి కోసం దాదాపు 700 టన్నుల కొండ కదలాలి. కదిలిస్తే సరిపోదు. ఆ చుక్కలు రాతి నుంచి విడివడాలంటే 225 టన్నులనీ పిండిలా రుబ్బాలి, తర్వాత నీళ్లూ నురుగూ కలిపి ఖనిజాన్ని తేల్చాలి. గనిలో కరెంటు ఎక్కువగా తినేది ఆ రుబ్బుడే. గ్రేడ్ సగానికి పడితే రుబ్బాల్సిన రాయి రెట్టింపు అవుతుంది, నీళ్లూ బురదా కూడా అంతే. రాగి ఫలానా ఏడాదిలో అయిపోదు. ఒక్కో కిలోకి మనం చెల్లించే శక్తీ, నీరూ, నేలా ఏడాదికేడాది పెరుగుతాయి. కరువు వచ్చేది ఆ రూపంలో.

గ్రేడ్ ఇలా తగ్గడానికి ఒక కింది హద్దు కూడా ఉంది. బ్రయన్ స్కిన్నర్ అనే భూవిజ్ఞాని 1976లో చెప్పిన మాట అది. రాగి సుమారు 0.1 శాతం కంటే తగ్గితే అది విడి గింజలుగా ఉండదు. మామూలు సిలికేట్ ఖనిజాల స్ఫటికాల్లోనే ఒక్కో పరమాణువు చొప్పున ఇరుక్కుపోతుంది. అప్పుడు ఎంత మెత్తగా రుబ్బినా ప్రయోజనం ఉండదు, రాతి రసాయన బంధాలనే మొత్తం విరగ్గొట్టాలి. ఖర్చయ్యే శక్తి ఒక్కసారిగా పదులు, వందల రెట్లకు ఎగబాకుతుంది. దీనికి సరిపోయే ఉదాహరణ అల్యూమినియం. భూపటలంలో అది 8 శాతం, మామూలు బంకమట్టి నిండా ఉంటుంది. అయినా మనం మట్టిని వదిలేసి బాక్సైట్ కోసం వెతుకుతాం. ఎందుకంటే వేడీ వానలూ ఎక్కువున్న చోట లక్షల ఏళ్లు వాననీరు సిలికాని కడిగేస్తే మిగిలింది బాక్సైట్. సిలికాతో ముడిపడిన అల్యూమినియాన్ని విడదీసే పని వాన చేసిపెట్టింది. అంత సులువైన ధాతువు నుంచి కూడా టన్ను లోహం తీయడానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు కావాలి.

రుబ్బిన పిండి ఎటు పోతుందో పాఠాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు. నాకది చాలా కష్టంగా ఉంటుంది. రాగి తీసేశాక మిగిలే తడి బురదని టెయిలింగ్స్ అంటారు. పైన చెప్పిన 225 టన్నుల్లో 220కి పైగా ఇదే. దాన్ని ఆనకట్టల వెనక నింపుతారు. ఆ కట్టలు శాశ్వతంగా నిలబడాలి, గని మూతపడి కంపెనీ వెళ్లిపోయాక కూడా. బ్రెజిల్‌లో 2015 నవంబరు 5న ఫుండావ్ ఇనుప గని కట్ట తెగి 19 మంది చనిపోయారు. ఆ బురద డోసే నది వెంట 600 కిలోమీటర్లకు పైగా వెళ్లి అట్లాంటిక్‌లో కలిసింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 2019 జనవరి 25న, అదే రాష్ట్రంలో బ్రుమాజిన్యో కట్ట కొన్ని నిమిషాల్లో కరిగిపోయినట్టు జారి 270 మంది ప్రాణాలు పోయాయి. అందులో 2016 నుంచి కొత్త బురద పోయడం కూడా లేదు. రెండు చోట్లా కట్టని పెంచినప్పుడల్లా పాత బురద మీదనే కొత్త గోడ కట్టుకుంటూ పోయారు. అది చవకైన పద్ధతి. బ్రుమాజిన్యోలో మధ్యాహ్న భోజనాల వేళ కట్ట దిగువన క్యాంటీన్లో ఉన్నవాళ్లు దానికి బలయ్యారు.

ఆమ్లజలాల సంగతి నెమ్మదిగా జరిగే ప్రమాదం. రాగి ధాతువుతో పాటు పైరైట్ ఉంటుంది, ఇనుమూ గంధకమూ కలిసిన పసుపు ఖనిజం. భూమి లోపల గాలి తగలనంత కాలం దానితో ఏ ఇబ్బందీ ఉండదు. బయటికి తీసి గుట్ట పోస్తే గాలి, వాన, కొన్ని సూక్ష్మజీవులు కలిసి దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం రాతిలో మిగిలిన లోహాలని కరిగించుకుని వాగులోకి దిగుతుంది. దాదాపు 5,000 ఏళ్లుగా తవ్వకాలు జరిగిన చోట పారే స్పెయిన్‌లోని రియో టింటో నది ఇప్పటికీ ఎర్రగానే ఉంటుంది, దాని పీహెచ్ 2 దగ్గర్లో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎప్పుడో వదిలేసిన ఒక గని దిగువన వాగులో పీహెచ్ కాగితం ముంచాను. రాళ్లన్నీ తుప్పురంగు పూత పూసినట్టున్నాయి, చేప కాదు కదా, నాచు కూడా కనబడలేదు. కాగితం చూస్తుండగానే ఎర్రబడింది. గని మూసినవాళ్లెవరూ అక్కడ లేరు, సున్నం చల్లే బాధ్యత ఎవరిదో కాగితాల్లో లేదు.

నీటికి ఒక్క ఉదాహరణ చాలు. ప్రపంచంలో అతిపెద్ద రాగి గని, చిలీలోని ఎస్కోండిడా, అటకామా ఎడారిలో ఉంది. అక్కడ భూగర్భజలం చాలక సముద్రపు నీటి ఉప్పు తీసి, పైపుల్లో 3,000 మీటర్లకు పైగా ఎత్తుకి పంపు చేస్తున్నారు. రాగి కోసం నీరు, ఆ నీటి కోసం కరెంటు.

చమురు దగ్గరికొస్తే కథ కొంత మారుతుంది. 1956లో కింగ్ హబ్బర్ట్ అనే భూవిజ్ఞాని, అలాస్కా, హవాయి మినహా అమెరికా చమురు ఉత్పత్తి 1965-70 మధ్య శిఖరానికి చేరి తర్వాత తగ్గుతుందని చెప్పారు. 1970లో సరిగ్గా అలాగే జరిగింది. దశాబ్దాలు తగ్గాక షేల్ రాతిని పగలగొట్టే పద్ధతి వచ్చి, 2018లో దేశం మొత్తం ఉత్పత్తి 1970 నాటి శిఖరాన్నీ దాటింది. ఆ షేల్ బావుల్లో చాలావాటి ఉత్పత్తి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. అందుకే ఒకచోట నిలబడటానికి కూడా కొత్త బావులు వేస్తూనే ఉండాలి. ఇక్కడా అదే సూత్రం, సులువైనది ముందు తీశాం. కానీ ఇంధనాలకి ఇంకో హద్దు ముందే అడ్డొస్తుంది. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, భూతాపాన్ని 2 డిగ్రీల లోపు ఉంచాలంటే చమురు నిల్వల్లో మూడో వంతు, గ్యాస్‌లో సగం, బొగ్గులో 80 శాతానికి పైగా తీయకుండా వదిలేయాలి. కాబట్టి "బొగ్గు ఎన్నేళ్లొస్తుంది" అన్నది నా ఉద్దేశంలో అడగాల్సిన ప్రశ్నే కాదు. గాలిలో ఇంకా ఎంత పడుతుందన్నదే లెక్క.

ఇక మీ రెండో ప్రశ్న. సోలార్, గాలి, బ్యాటరీలు వస్తే తవ్వకాలు ఆగవు, తవ్వే సరుకు మారుతుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కలో ఒక ఎలక్ట్రిక్ కారుకి పెట్రోలు కారు కంటే సుమారు ఆరు రెట్ల ఖనిజాలు పడతాయి. అయినా నేను ఈ మార్పు పక్షమే, కారణం చెబుతాను. ప్రపంచంలో ఏటా 800 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వుతున్నాం, తవ్వింది తవ్వినట్టే కాల్చేస్తున్నాం, మరుసటి ఏడాది మళ్లీ అంతా కొత్తగా తవ్వాలి. మోటారులోకి వెళ్లిన రాగి ఇరవై ఏళ్ల తర్వాత కూడా రాగిగానే చేతికొస్తుంది.

ఇందులో అసలు చిక్కు తోడు లోహాలతో ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కోబాల్ట్ ఎక్కువగా రాగి, నికెల్ గనుల్లో పక్క సరుకుగా వస్తుంది, అందులోనూ 70 శాతానికి మించి ఒక్క కాంగో నుంచే. గాలియం బాక్సైట్ శుద్ధిలో మిగిలే ద్రావణం నుంచి వస్తుంది. కొన్ని సోలార్ పలకల్లో వాడే టెల్లూరియం రాగి శుద్ధి చేసే తొట్టి అడుగున చేరే మడ్డి నుంచి వస్తుంది. టెల్లూరియం ధర పదింతలైనా దానికోసం ఎవరూ కొత్త రాగి గని తెరవరు. డిమాండు పెరిగితే సరఫరా దానంతటదే పెరుగుతుందన్న అర్థశాస్త్ర సూత్రం ఈ లోహాల దగ్గర సరిగ్గా పనిచేయదు. లిథియం విషయంలో అంత ఇరుకు లేదు, ఆస్ట్రేలియాలో రాతి నుంచీ, చిలీ ఉప్పు మైదానాల్లో ఉప్పునీటి నుంచీ వస్తోంది. కానీ ఆ ఉప్పునీరు ఏడాదికి పైగా మడుగుల్లో ఎండాలి, ఎడారి నీటి సమతూకాన్ని తాకకుండా అది జరగదు.

రీసైక్లింగ్ గురించి మీరు చివర్లో ఒక ముక్క అడిగారు. అల్యూమినియాన్ని తిరిగి కరిగించడానికి ధాతువు నుంచి తీసేదానిలో 5 శాతం శక్తి చాలు. అందుకే పాత అల్యూమినియానికి ఎప్పుడూ కొనేవాళ్లుంటారు. సీసం బ్యాటరీలూ దాదాపు అన్నీ తిరిగొస్తాయి, ఎందుకంటే అందులో సీసం కిలోల లెక్కన ఒకేచోట ఉంటుంది. అరుదైన మృత్తికా లోహాలు, ఇండియం లాంటివి మాత్రం 1 శాతం కూడా తిరిగి రావడం లేదని 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క తేల్చింది. ఫోను తెరమీద ఇండియం పూత మిల్లీగ్రాముల్లో ఉంటుంది, పక్కనే పదుల కొద్దీ ఇతర మూలకాలు అంటుకుని ఉంటాయి. మళ్లీ గ్రేడ్ సమస్యే వచ్చిందని మీరు గమనించే ఉంటారు. పారేసిన ఫోన్ల గుట్టని కూడా నేను కోర్ పెట్టెని చూసినట్టే చూస్తాను. ఏ లోహం ఎన్ని పాళ్లు ఉంది, ఎంత మెత్తగా రుబ్బితే విడివడుతుంది, మిగిలిన మడ్డి ఎక్కడ పోయాలి. మీ అసైన్‌మెంట్‌లో "40 ఏళ్లు" అన్న అంకె రాయాల్సి వస్తే పక్కన ఆ ఏడాది నిల్వ ఎంతో, ఉత్పత్తి ఎంతో కూడా రాయండి. వాటి కింద ధాతువు సగటు గ్రేడ్ ఒక వరుసగా చేర్చండి. పదేళ్లకోసారి ఆ వరుస ఎలా మారుతోందో చూస్తే మీ నాన్నగారి పుస్తకానికీ మీ పుస్తకానికీ మధ్య ఏం జరిగిందో కనబడుతుంది.